ఆటను, పందేన్ని ఒకే గాటన కట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

జిల్లా పేజీలో 'ఆన్‌లైన్ గేమ్‌కు బలి' అని హెడ్డింగు పడిన రోజు మా ఇంట్లో నాకు పొద్దున్నే కోర్టు. మా నాయన ఆ వార్త పైకి వచ్చేట్టు పేపరు మడిచి నా ముందు పెట్టి, "ఏందబ్బయా, ఇదేనా నువ్వాడేది?" అంటాడు. కాదు నాయనా, అది రమ్మీ, డబ్బు పెట్టి ఆడే పందెం అని ఎన్నిసార్లు చెప్పినా, "రెండూ ఫోన్లోనే గదా" అంటాడు. వార్త లోపలికి వెళ్తే ఎనిమిదో లైనులో రమ్మీ అని ఉంటుంది. హెడ్డింగులో మాత్రం గేమ్. ఆయన చదివేది హెడ్డింగే కాబట్టి మీకు రాస్తున్నాను.

నాది విడవలూరు మండలం. నాలుగెకరాల్లో వనామి రొయ్య వేస్తాను. ఈ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, రాత్రి రెండు నుంచి తెల్లారేదాకా గుంట దగ్గర కన్ను మూయకూడదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళలోనే. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వెయ్యాలి, ఏమరితే రొయ్య పైకి తేలుతుంది. ఆ టెన్షన్‌లో మేలుకుని ఉండటానికి నాకు తోడు ఒక ఆట. దాని పేరు రూన్‌స్కేప్. మంత్రాలు, కత్తులు, రాక్షసులు ఉండే ఊహాలోకం. ఇంగ్లండులో ఆండ్రూ గోవర్ అనే కుర్రాడు తన అన్నదమ్ములతో కలిసి 2001 జనవరిలో మొదలుపెట్టాడు. పాతికేళ్లయినా ఇంకా నడుస్తోంది. ఇప్పుడు కేంబ్రిడ్జిలోని జాగెక్స్ అనే కంపెనీ నడుపుతోంది.

నాకది 2007లో పరిచయమైంది. నెల్లూరులో డిగ్రీ చదువుతూ వీఆర్సీ సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో గంటకు 15 రూపాయలిచ్చి కూర్చునేవాణ్ణి. మిగతా ఆటలకు సీడీలు, గ్రాఫిక్స్ కార్డులు కావాలి. ఇది మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకునేది. ఆ నెట్ సెంటర్‌లోని ముసలి కంప్యూటర్లు అంతకంటే బరువు మోయలేవు కూడా.

అందులో కొత్తవాళ్లకు మొదట్లో తగిలే పనుల్లో ఒకటి కేకు సరుకులు తేవడం. లంబ్రిడ్జ్ అనే ఊళ్లో కోట, ఆ కోటలో వంటవాడు. దొరగారి పుట్టినరోజు, కేకు చెయ్యడానికి సరుకుల్లేవు. గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమంటాడు. గుడ్డు కోళ్ల దొడ్లో దొరుకుతుంది, పాలు ఆవును పితకాలి. పిండి దగ్గరే ఉంది తిప్పలు. చేలో గోధుమ కోసి, మిల్లు పై అంతస్తుకు తీసుకుపోయి, హాపర్‌లో పోసి, మీట నొక్కి, మళ్లీ కిందికి దిగి కుండలో పట్టుకోవాలి. హాపర్ అంటే ఏమిటో తెలీక నాకు గంట పట్టింది, అంటే 15 రూపాయలు. మా ఊరి రైసుమిల్లులో చిన్నప్పటి నుంచీ చూస్తున్న తొట్టే హాపర్ అని తెలిశాక నా మీద నాకే నవ్వొచ్చింది. రాక్షసుణ్ణి చంపమనకుండా పిండి పట్టుకురమ్మన్నందుకే ఆ ఆట నాకు నచ్చింది. కత్తి పట్టకుండా కట్టెలు కొట్టుకుంటూ, చేపలు పట్టుకుంటూ, వంట చేసుకుంటూ ఏళ్ల తరబడి అందులో బతికేవాళ్లున్నారు. వాళ్లను ఎవరూ తక్కువగా చూడరు.

ఏ విద్యలోనైనా ఒకటో మెట్టు నుంచి 99వ మెట్టు దాకా ఎక్కాలి. 99 చేరడానికి 1,30,34,431 పాయింట్లు కావాలి. తమాషా ఏమిటంటే 92వ మెట్టుకు చేరేసరికి అందులో సగమే పూర్తవుతుంది. మిగిలిన ఏడు మెట్లకు అంతకు ముందు పడిన కష్టమంతా మళ్లీ పడాలి. ఆడేవాళ్లందరికీ ఈ లెక్క నోటికి వచ్చు, దీని మీద జోకులకూ కొదవ లేదు. ఎప్పుడో ఒక అదృష్టం తగిలి అందలం ఎక్కడం ఉండదు. నిన్న ఎంత చేస్తే ఈ రోజు అంత కనబడుతుంది. రొయ్యల రైతుకు ఇది ఎంత ఊరటో మీకు తెలియకపోవచ్చు. నా గుంటలో అన్నీ సరిగ్గా చేసినా 60వ రోజున వైట్‌స్పాట్ అనే రోగం వచ్చి ఊడ్చుకుపోవచ్చు.

ఈ ఆటలో చేపల వేట నేర్చుకునేవాడు మొట్టమొదట పట్టేది కూడా రొయ్యే. చిన్న వల, ఒడ్డున కూర్చోవడం. ఒక్కో రొయ్యకు 10 పాయింట్లు. మొత్తం రొయ్యలతోనే 99 చేరాలంటే 13 లక్షల రొయ్యలు పట్టాలి. ఎకరాకు లక్ష సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసే నా లెక్కలో అది మూడు పంటల పైమాటే. ఒకసారి వేలితో తాకితే మన బొమ్మ కాసేపు దానంతట అదే వల వేస్తూనే ఉంటుంది. సంచిలో ఉండేవి 28 గళ్లు, అవి నిండేలోగా ఫోను పక్కన పెట్టి, రొయ్య మేత తిన్నదో లేదో తెలిపే చెక్‌ట్రే చూసి రావచ్చు. 2018 అక్టోబరులో ఫోన్లలోకి రావడం నాలాంటి వాళ్లకు పెద్ద మేలు. ఒక రాత్రి జనరేటర్ డీజిల్ తెచ్చిన మా నాయన నా భుజం మీదుగా ఫోన్లోకి చూసి, "ఆ రొయ్య కౌంటెంత?" అని అడిగాడు. కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. కౌంటు ఉండదు నాయనా, ధర కూడా పెద్దగా పలకదు అన్నాను. "అక్కడా అంతేనా" అని డీజిల్ క్యాను దించి వెళ్లిపోయాడు.

రాత్రి రెండంటే ఇంగ్లండులో ఇంకా సాయంత్రం, చలికాలమైతే ఎనిమిదిన్నర. అన్నాలు తిని కూర్చున్న జనం అప్పుడే ఆటలోకి వస్తారు. నాకు బయట గుంట చుట్టూ కప్పల అరుపులు, లోపల సంత. ఏళ్లుగా కనబడే ఒకాయన లారీ డ్రైవరు, ఇంకొకామె నర్సు. పేర్లు తెలీవు, ముఖాలు తెలీవు. తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు లేక నేను కనబడకపోతే, నాలుగో రోజు ఇద్దరూ "మీ రొయ్యలు బతికే ఉన్నాయా" అని అడిగారు. మా బంధువుల్లో అలా అడిగినవాళ్లు తక్కువ.

అన్నిటికంటే నాకు నచ్చింది ఓటు. 2012 నవంబరులో ఈ ఆటలో పోట్లాడే పద్ధతి మొత్తం మార్చేశారు. పాతవాళ్లు బాగా నొచ్చుకున్నారు, చాలామంది మానేశారు. పాత ఆటే కావాలని గోల చేస్తే కంపెనీ ఓటింగు పెట్టింది, నాలుగున్నర లక్షల దాకా ఓట్లు పడ్డాయి. 2007 ఆగస్టు నాటి కాపీ ఒకటి వాళ్ల దగ్గర దాచి ఉంటే, దాన్నే 2013 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. అప్పటి నుంచి దానిలో పెద్దది ఏది కొత్తగా పెట్టాలన్నా ఆడేవాళ్ల ఓటు కావాలి. మొదట్లో నూటికి 75 రావాలనేవాళ్లు, 2022లో 70కి తగ్గించారు. పడవ నడిపే విద్య కావాలా వద్దా అని అడిగినప్పుడు సముద్రం పక్కనోణ్ణి కదా, నేనూ కావాలనే ఓటేశాను. 2025 నవంబరులో వచ్చింది. కానీ పడవలు చందా కట్టినవాళ్లకే. నేను పంట బాగున్న ఏడాదే చందా కడతాను. పడవ వచ్చేనాటికి నా చందా అయిపోయి ఉంది, ఒడ్డునే నిలబడి చూశాను.

అక్కడంతా మంచివాళ్లే అని చెప్పను. మొదటి ఏడాదే ఒకడు నా కవచానికి ఉచితంగా బంగారు అంచు వేయిస్తానని తీసుకుని మాయమయ్యాడు. నెల రోజుల కష్టం అది. ఆ మోసం ఆ ఆటంత పాతదని, అందరూ ఒకసారి పడినవాళ్లేనని తర్వాత తెలిసింది. పందెం కూడా ఉండేది. అరీనా అనే బరిలో ఇద్దరు ఉన్నదంతా ఒడ్డి కొట్టుకునేవాళ్లు, ఒక్క దెబ్బకు ఏళ్ల సంపాదన పోయేది. దాన్ని 2022లో తీసేశారు. ఇక ఆ పాత కాపీలో కాదు గానీ, అసలు రూన్‌స్కేప్‌లో 2012లో చక్రం తిప్పి బహుమతులు గెలిచే ఏర్పాటు పెట్టి, తిప్పులు నిజం డబ్బుకు అమ్మారు. ఆడేవాళ్లు ఎక్కువగా తిట్టుకున్నదీ దాన్నే. అంటే పందెం ఎక్కడ మొదలవుతుందో ఆడేవాళ్లకు బాగా తెలుసు.

నాకూ తెలుసు. మా చిన్నాన్న కొడుకు ఒక రమ్మీ యాప్‌లో సీడ్‌కు తెచ్చిన అప్పు మొత్తం పోగొట్టి, ఆ ఏడాది గుంటలు ఎండబెట్టుకున్నాడు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్ అనే పేకాటను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడేవాటిని వేరుగా, ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు సరదా ఆటలను వేరుగా చూసింది. చట్టానికి తెలిసిన తేడా పేపరు హెడ్డింగుకు తెలియకపోతే ఎట్లా? ఆటలతో నష్టం లేదని నేననను, పరీక్షల ముందు పిల్లాడు రాత్రంతా ఆడితే నేనైనా ఫోను లాక్కుంటాను. కానీ నిద్ర పోగొట్టుకోవడం వేరు, ఇల్లు పోగొట్టుకోవడం వేరు.

నేను కోరేది ఒక్కటే. రమ్మీ అయితే హెడ్డింగులోనే రమ్మీ అని వెయ్యండి. బెట్టింగ్ అయితే బెట్టింగ్ అనండి. ఆ మాటలు 'గేమ్' కంటే పెద్ద పొడుగేమీ కావు, జాగా సరిపోతుంది. మా నాయన పొద్దున్నే పేపరు మడవడం మానతాడో లేదో గానీ, కనీసం మడిచి పెట్టినప్పుడు నేను చూపించడానికి ఒక మాట ఉంటుంది.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా