బంటూ భాషలు ఒకే మూసలో పోసినవి కావు

సంపాదకులకు,

ఆఫ్రికా భాషలపై గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. బంటూ భాషలన్నింటి వ్యాకరణం ఒకే మూసలో పోసినట్లు ఉంటుందనీ, ఒకటి వస్తే తక్కినవి వచ్చినట్లేననీ అందులో రాశారు. టాంజానియాలో ఐదేళ్లు లెక్కలు చెప్పి, అవసరం కొద్దీ స్వాహిలీ నేర్చుకుని, ఆ ధీమాతో పక్కనున్న మలావీకి వెళ్లి, అక్కడి మరో బంటూ భాష చిచేవా ముందు నోరు మెదపలేకపోయినవాణ్ణి గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పోలిక ఉన్నమాట నిజమే. కామెరూన్ నుంచి దక్షిణాఫ్రికా దాకా పరుచుకున్న ఈ సుమారు 500 భాషల్లో నామవాచకాలు, మన లింగభేదంలాగా, తరగతులుగా ఉంటాయి. తరగతి గుర్తు పదం ముందు చేరి, విశేషణం మీదా క్రియ మీదా కూడా కనిపిస్తుంది. స్వాహిలీలో మనిషి ‘మ్‌టు’, మనుషులు ‘వాటు’. అరబ్బీ నుంచి వచ్చిన ‘కితాబు’ను కూడా (హైదరాబాదు ఉర్దూలో మనం వినే కితాబ్ ఇదే) ఆ భాష ‘కి’ తరగతిలో వేసుకుని, బహువచనంలో ‘వితాబు’ చేసేసింది. 1862లో భాషావేత్త విల్‌హెల్మ్ బ్లీక్ ప్రచురించిన తులనాత్మక వ్యాకరణం మొదలుకొని పండితుల దృష్టి ముందుగా పడింది ఈ పోలిక మీదే.

తేడాలు వాక్యంలోకి వెళ్తే గానీ తెలియవు. ‘టీచరును చూశాను’ అనడానికి స్వాహిలీలో ‘నిలిమ్వోనా మ్వలిము’ అంటారు. క్రియ ‘నిలిమ్వోనా’ నడుమనున్న ‘మ్వ్’ కర్మకు గుర్తు. కర్మ మనిషైతే ఆ గుర్తు దాదాపు తప్పనిసరి. పుస్తకమైతే ఫలానా పుస్తకమని ఉద్దేశించినప్పుడే వస్తుంది. మనమూ ‘టీచరు చూశాను’ అనం గానీ, ‘పుస్తకం చదివాను’ అంటాం, ఫలానాదైతే ‘పుస్తకాన్ని’ అంటాం. మనం నామవాచకం చివర చేసే పనిని వాళ్లు క్రియ నడుమ చేస్తున్నారన్నమాట. చిచేవాలో ఈ లెక్క తప్పుతుంది. ‘న్జుచి జినలుమ అలెంజె’ అంటే తేనెటీగలు వేటగాళ్లను కుట్టాయని. కుట్టించుకున్నది మనుషులే అయినా గుర్తు అక్కర్లేదు, కానీ కర్మ క్రియను అంటిపెట్టుకుని ఉండాలి. ‘జినవలుమ’ అని ‘వ’ చేర్చామంటే ‘అలెంజె’ స్థానం మార్చుకునే స్వేచ్ఛ వస్తుంది. స్వాహిలీ క్రియలో ఇలాంటి గుర్తు ఒక్కటే పడుతుంది, రువాండా దేశపు బంటూ భాష కిన్యార్వాండాలో ఒకటికి మించి పడతాయి.

లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భాషావేత్త లుట్జ్ మార్టెన్ బృందం ఇటువంటి సంగతులనే 142 ప్రశ్నలుగా కూర్చి, పలు బంటూ భాషలకు జవాబులు రాబట్టి, డేటాబేస్‌గా పేర్చింది. దగ్గరి చుట్టాలైన భాషలను ఇలా పక్కపక్కన పెడితే తక్కినవన్నీ ఇంచుమించు సమానంగా ఉంటాయి గనుక, ఏ ఒక్కటి మారితే దానితోపాటు ఇంకేది మారుతుందో పట్టుకోవడం సులువవుతుంది. ఆ వ్యాసకర్త కొట్టిపారేసిన చిన్న తేడాల విలువ ఇక్కడే ఉంది.

ఇలాంటి ప్రశ్నల పట్టిక మన చుట్టుపక్కల భాషలకూ కావాలి. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘కుక్క వచ్చింది’ అని స్త్రీనీ జంతువునూ ఏకవచనంలో ఒక గాట కట్టినా, బహువచనంలో స్త్రీలు మగవారితో కలిసి ‘వచ్చారు’. తెలుగుకు చుట్టాలైన గిరిజన భాషలు గోండిలోనూ కువిలోనూ బహువచనంలో సైతం స్త్రీలు మగవారి జట్టులో చేరరు. ఆదిలాబాద్ నుంచి అరకు దాకా ఉన్న గోండి, కొలామీ, కొండ, కువి భాషలను పదజాలం దగ్గర ఆపకుండా, వాక్యం వాక్యంగా ఒకే ప్రశ్నావళితో సర్వే చేసే పని మన విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. ఈ విషయమై ఆయా భాషలు మాట్లాడే అధ్యాపకుల చేతనే మీ ఆదివారం అనుబంధంలో రాయించవలసిందిగా మనవి.

భవదీయుడు,
విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి