పన్నెండు ఎద్దులనూ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్రెంచి చిత్రకారిణి రోజా బొనూర్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. కోనసీమ బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి కనుక ఆ పేరు తెలుగు పత్రికలో చూసి సంతోషించాను. అయితే వ్యాసంలో సగానికి పైగా ఆవిడ తొడిగిన ప్యాంటు చుట్టూనే తిరిగింది. పైగా ఆవిడ వేసిన దుక్కి చిత్రాన్ని కాలమ్‌లో ఇమడ్చడానికి రెండు పక్కలా కత్తిరించేశారు. ఈ లేఖ అందుకోసమే.

ప్యాంటు సంగతి నిజమే. పారిస్‌లో ఆడవాళ్లు మగ దుస్తులు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి పత్రం ఉండాలని 1800లో వచ్చిన ఉత్తర్వు ఒకటి ఉండేది. బొనూర్ ఆ పత్రం తీసుకుని, ఆరు నెలలకోసారి పొడిగించుకునేది. కానీ ఆ బట్టల్లో ఆవిడ ఎక్కడికి వెళ్లిందో మీ వ్యాసంలో లేదు. జంతువుల ఎముకలూ కండరాలూ ఎలా అమరి ఉంటాయో తెలుసుకోవడానికి కబేళాలకు వెళ్లింది. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు పారిస్ గుర్రాల సంతకు వెళ్లింది. మా వైపు పశువుల సంత చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసేవాళ్లు, తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు, అరుపులు, బూతులు. అలాంటి చోట ఒక స్త్రీ కాగితం పట్టుకుని గంటల తరబడి నిలబడితే బొమ్మ సాగదు, చుట్టూ జనం మూగుతారు.

ఆవిడ 1822లో బోర్డో నగరంలో పుట్టింది. అక్షరాలు ఒంటబట్టకపోతే తల్లి ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ వేయించి నేర్పిందట. ఆవిడకు పదకొండో ఏటనే ఆ తల్లి పోయింది. కుట్టుపనికి పంపితే అక్కడా నిలవలేదు. పేరున్న ప్రభుత్వ చిత్రకళా విద్యాలయంలో 1897 దాకా ఆడపిల్లలకు ప్రవేశమే లేదు కనుక, చిత్రకారుడైన తండ్రి దగ్గర, లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలకు నకళ్లు తీస్తూ నేర్చుకుంది. పై అంతస్తు ఇంట్లో గొర్రెను పెంచి దాన్ని చూసి గీసేది. మేతకు తమ్ముడు భుజాన వేసుకుని కిందికి దించేవాడట.

ఇక మీరు కత్తిరించిన చిత్రం. ఫ్రాన్సులోని నివెర్నే ప్రాంతపు దుక్కిని చూపే ఈ చిత్రాన్ని ఫ్రెంచి ప్రభుత్వం కోరి వేయించుకుంది; 1849లో పూర్తయింది, ఇప్పుడు పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎత్తుకు దాదాపు రెట్టింపు వెడల్పు. ఆరేసి ఎద్దుల జట్లు రెండు, మొత్తం పన్నెండు, వరసగా నేలను దున్నుకుంటూ పోతుంటాయి. మనుషులు వాటి చాటున సగం సగం కనిపిస్తారంతే. ఒక ఎద్దు మాత్రం కళ్లు తిప్పి మనవైపు చూస్తుంది. ముందుభాగమంతా కొత్తగా తిరగబడిన మట్టి పెళ్లలు. నీళ్లలో దమ్ము చేసే మా డెల్టావాళ్లకు ఆ మెట్ట దుక్కి కొత్తగానే ఉంటుంది.

దీని నకలు ఒకటి నా క్లాసులో గోడకు ఉండేది. పిల్లల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మాస్టారూ, వీటికి మూపురాలేవండీ?" ఒకమ్మాయి మాత్రం అది అడగలేదు. ఏది దాపల (ఎడమ) ఎద్దు, ఏది వలపల (కుడి) ఎద్దు అని వెతికి, బరువు లాగేటప్పుడు వెనక కాలు ఎలా వంగిందో వేలితో చూపించింది. ఆ పిల్లను సంతకు పంపితే ఎద్దుల్ని చూసి గీస్తుందని వాళ్ల నాన్నను అడిగాను. "ఆడపిల్లకి సంతలో పనేంటండీ?" అన్నాడాయన. ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఇంట భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ కుంచె పట్టారని చెప్పి ఉండవలసిందని ఇంటికొచ్చాక తోచింది.

ఒక సవరణ కూడా. ఫ్రాన్సు అత్యున్నత గౌరవమైన లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం పొందిన మొదటి మహిళ బొనూర్ అని రాశారు. 1865లో ఫ్రాన్సు మహారాణి యూజెనీ స్వయంగా ఆవిడ ఇంటికి వెళ్లి ఆ పతకం ఇచ్చిన మాట నిజమే కానీ, ఆవిడ ఆ గౌరవం పొందిన మొదటి మహిళా కళాకారిణి మాత్రమే. 1851లోనే ఒక మహిళా సైనికురాలికి అది దక్కింది. అలాగే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని, ఆవిడ వేసిన గుర్రాల సంత చిత్రం పదహారున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. మీరు దాన్ని తపాలా బిళ్లంత వేశారు.

వీలైతే వచ్చే ఆదివారం ఆ దుక్కి చిత్రాన్ని పేజీ అడ్డంగా, అంచులు కోయకుండా అచ్చు వేయండి. మా ఊరి గ్రంథాలయం గోడకు అంటిస్తాను. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దల్లో సొంత అరక తోలినవాళ్లు ఇంకా నలుగురైదుగురున్నారు. వాళ్లేమంటారో వినాలని ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు,
అమలాపురం దగ్గరి పల్లె నుంచి