సైలెన్సర్ విప్పి చూడకుండా పాత చైన్‌సా కొనొద్దు

సంపాదకులు గారికి,

ఏటా ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచి నగరంలో చెట్లు కూలడం మొదలవగానే పాత చైన్‌సాలకు (చెట్లు కోసే పెట్రోలు రంపాలకు) గిరాకీ వస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు, తోటపని కాంట్రాక్టర్లు, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు తోటలున్నవాళ్లు కొత్తదానికి అంత డబ్బు పెట్టలేక ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో, ఫోన్‌లో ప్రకటన చూసో సెకండ్ హ్యాండ్ మిషన్ తెచ్చుకుంటారు. ‘స్టార్ట్ అవుతుంది, రేస్ ఇస్తే ఆగిపోతోంది, కార్బొరేటర్ క్లీన్ చేయిస్తే చాలు’ అనేది అమ్మేవాళ్ల నోట అరిగిపోయిన మాట. నిజంగా అంతే అయితే ఒక డబ్బా క్లీనర్ తెచ్చి వాళ్లే బాగుచేసుకుని ఇంకాస్త ఎక్కువకు అమ్ముకునేవాళ్లు కదా!

డబ్బు ఇవ్వకముందే సైలెన్సర్ విప్పాలి. ఇంజన్ చల్లగా ఉండాలి. చాలా మిషన్లకు రెండు బోల్టులో, రెండు నట్లో ఉంటాయి. అలెన్ కీ, టీ-27 స్టార్ కీ, 10 నంబరు స్పానర్ ఉంటే పది నిమిషాల పని. తాడు మెల్లగా లాగుతూ ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కభాగం చూడండి. నున్నగా మెరుస్తూ ఉంటే సగం భయం తీరినట్టే. నిలువు గీతలు ఉండి, గోరు పెడితే తగులుతుంటే అది ఒకసారి సీజ్ అయిన (పిస్టన్ లోపల పట్టేసిన) ఇంజన్. కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా దానికి బలం రాదు. వీలైతే కార్బొరేటర్ కూడా తీసి అటువైపు చూడాలి. సైలెన్సర్ వైపు గీతలుంటే ఆయిల్ తక్కువై గానీ, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువై గానీ ఇంజన్ కాలిందని అర్థం. కార్బొరేటర్ వైపు మసకగా, సన్నగా అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టర్ చిరిగి రంపపు పొడి లోపలికి పోయింది.

కంప్రెషన్ గేజ్ (ప్లగ్గు రంధ్రంలో బిగించి ఇంజన్ లోపలి ఒత్తిడి కొలిచే మీటరు) దొరికితే రేస్ పూర్తిగా నొక్కి పట్టి, ముల్లు ఇక కదలదనిపించేదాకా తాడు లాగండి. 150 పీఎస్ఐ చూపిస్తే మంచి ఇంజన్, 120 ఉన్నా పని జరుగుతుంది, 100 లోపు ఉంటే పిస్టన్ రింగులైనా పోయాయి, బోరైనా (పిస్టన్ తిరిగే సిలిండరైనా) పోయింది. బైకులకు వాడే పొడుగు పైపు గేజ్‌ను నమ్మొద్దు. ఈ ఇంజన్ చిన్నది. గేజ్‌లోని వాల్వ్ ప్లగ్గు చివరన లేకపోతే పైపులోని ఖాళీ కూడా కలిసి లెక్క తక్కువ చూపిస్తుంది. దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేస్తే అరిగిన ఇంజన్ కూడా కాసేపు గట్టిగా నిలబడుతుంది. ప్లగ్గు విప్పగానే జిడ్డుగా తడిసి ఉన్నా, మీరు వచ్చేసరికే సైలెన్సర్ వేడిగా ఉన్నా అనుమానించాల్సిందే. మ్యాగ్నెట్‌ను, అంటే క్రాంకు చివర తిరిగే ఫ్లైవీల్‌ను, చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. ఊగుతోందంటే క్రాంక్ బేరింగులు పోయాయి. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో వచ్చే 52, 58 సీసీ చైనా మిషన్‌లో ఈ లోపం కనబడితే బేరం కూడా చేయనక్కర్లేదు.

ఇంతకీ ఇవి ఇలా ఎందుకు పాడవుతున్నాయి? ఎక్కువగా పెట్రోలు దగ్గరే. పాత స్కూటర్లకు లీటరుకు 20 మి.లీ. టూటీ ఆయిల్ పోసిన అలవాటు మనవాళ్లకు ఇంకా పోలేదు. చైన్‌సా ఇంజన్ నిమిషానికి పది వేల చుట్లు దాటి తిరుగుతుంది. మామూలు టూటీ ఆయిల్ అయితే 25:1, అంటే లీటరుకు 40 మి.లీ., అయిదు లీటర్లకు 200 మి.లీ. కలపాలి. లీటరుకు 20 మి.లీ. సరిపోవాలంటే ఆ మిషన్ కంపెనీ 50:1కి చెప్పిన ఆయిలే పోయాలి. ‘ఎక్కువ పోస్తే మంచిదే కదా’ అని 80 మి.లీ. పోసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోతుంది, ఇంజన్‌కు ఊపిరాడదు.

రెండోది ఈ20. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఇరవై శాతం దాకా ఇథనాలే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా ట్యాంకులో అలాగే వదిలేస్తే నీరు ఎక్కువై, ఇథనాల్‌తో కలిసి అడుగున చేరుతుంది; టూటీ ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకులోని ఫిల్టర్ ఉండేది అడుగునే. అంటే కొలత ప్రకారం ఆయిల్ కలిపినా ఇంజన్ పీల్చేది ఆయిల్ లేని ద్రవాన్ని! పాత మిషన్ కొన్నప్పుడు ట్యాంకులోది గాజు సీసాలో పోసి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచండి, మధ్యలో గీత కనిపిస్తే లోపల జరిగింది అదే. రబ్బరు పైపు మెత్తబడటం, కార్బొరేటర్ డయాఫ్రమ్ (లోపలి పలుచటి పొర) బిరుసెక్కడం కూడా దీనివల్లే. డయాఫ్రమ్ పట్టుకుని కదిపితే గుడ్డలా వంగాలి, కాగితంలా చప్పుడు చేస్తే మార్చాలి.

కొత్త పిస్టన్ వేసిన వారానికే ‘మళ్లీ పట్టేసింది’ అని తిరిగొచ్చే మిషన్ల సంగతి గట్టిగా చెప్పాలి. పిస్టన్ ఎందుకు కాలిందో తేల్చకుండా కొత్తది వేయడం డబ్బు తగలేయడమే. బోరు బిగించాక కార్బొరేటర్ రంధ్రాన్ని, సైలెన్సర్ రంధ్రాన్ని సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, పిస్టన్‌ను కిందికి దించి, ప్లగ్గు రంధ్రం ద్వారా 7 పీఎస్ఐ గాలి పెట్టి సబ్బునీళ్లు రాయాలి. క్రాంక్ ఆయిల్ సీళ్లు, బోరు కింది ప్యాకింగ్, కార్బొరేటర్‌కూ బోరుకూ మధ్య ఉండే రబ్బరు, ఈ మూడింట్లో ఏదో ఒకచోట బుడగలు వస్తాయి. ఒత్తిడికి నిలిచిన సీలు కూడా లోపల గాలి లాగినప్పుడు తెరుచుకోవచ్చు, అందుకే వ్యాక్యూమ్ పంపుతో మరోసారి చూసుకోవాలి. రేస్ వదిలినా ఇంజన్ వెంటనే దిగకుండా పైనే తిరుగుతోందంటే ఎక్కడో గాలి పీలుస్తోందనే.

బోరు పారేసే ముందు ఒక మాట. గోడకు అంటుకున్నది పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం అయితే, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను దూదిపుల్లతో ఆ మరక మీద మాత్రమే రాస్తే పొంగి ఊడిపోతుంది. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు వేసుకుని ఆరుబయట చేయాలి, తర్వాత నీళ్లతో కడిగి తుడిచి ఆయిల్ పూయాలి. మరక పోయినా పొంగు ఆగడం లేదంటే ప్లేటింగ్ పోయి బోరు లోహమే బయటపడింది, దాన్ని వదిలేయండి. పిస్టన్‌ను స్టిక్కర్ మీది సీసీ చూసి కొనకుండా వెర్నియర్‌తో కొలిచి తెచ్చుకోవాలి. బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. పిన్ను లాకులు కొత్తవే వేయాలి. క్లచ్ విప్పేటప్పుడు మర ఎడమవైపుదని, గడియారం ముల్లు తిరిగేవైపే ఊడుతుందని మరిచి క్రాంకు విరిచిన వీరులు తక్కువేం కాదు.

మిగతావి చిన్నవే. ట్యాంకు మూత కాస్త వదులు చేయగానే సాఫీగా నడిస్తే గాలి రంధ్రం మూసుకుంది. వేడెక్కాక ఆగి, చల్లారితే స్టార్ట్ అయితే వేడి మీదే స్పార్క్ చూడండి, స్పార్క్ రాకపోతే కాయిల్ పోయింది. కొత్త కాయిల్‌కూ మ్యాగ్నెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మి.మీ. సందు చాలు. కార్బొరేటర్‌లో తక్కువ రేస్‌కు ‘ఎల్’, ఎక్కువ రేస్‌కు ‘హెచ్’ అని ఉండే పెట్రోలు స్క్రూలను మెల్లగా మూసి, ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టండి. పూర్తి రేస్‌లో ఖాళీగా ఉన్నప్పుడు శబ్దం కొంచెం గరగరలాడాలి, దుంగలో దిగగానే ఆ గరగర పోవాలి. ఖాళీగానే సన్నగా కీచుమంటుంటే ‘హెచ్’ ఇంకాస్త తెరవాలి; ఈ20కి మారాక పాత సెట్టింగులు చాలా మిషన్లలో సరిపోవడం లేదు. ఐడిల్‌లో చైన్ తిరుగుతున్నా, చైన్ బ్రేక్ పట్టకపోయినా ఆ మిషన్‌తో కొమ్మ కూడా కోయకండి.

అమ్మే దుకాణాలవాళ్లు తమ వంతుగా ఒక్క పని చేయవచ్చు. ఆయిల్ కొలతను ట్యాంకు మూత పక్కనే తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసి అతికించి ఇస్తే సరిపోతుంది. కొన్నవారి చేతి నుంచి మిషన్ కూలీల చేతికి వెళ్తుంది, మాన్యువల్ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది.

— టూ స్ట్రోక్ ఇంజన్ల మెకానిక్,
రాణిగంజ్, సికింద్రాబాద్