నూరేళ్ళకి ఒక్క ఏడాది తక్కువ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఒంటికాలి గొడుగు బొమ్మ అందింది. ఒక్కటే కన్ను, బయటికి వేలాడే నాలుక! దేవుడి గది దగ్గర పెట్టడానికి మీ అమ్మ ఒప్పుకోలేదు. ఫ్రిజ్ మీద పెట్టాను.

వీటిని త్సుకుమోగామి అంటారన్నావు కదా, ఆ కథ వెతికి చదివాను. జపాన్‌లో ఐదారొందల ఏళ్ళ కిందటి మురొమాచి కాలంలో బొమ్మలు గీసిన కాగితపు చుట్టల్లో ఉందట. వస్తువుకి నూరేళ్ళు నిండితే ప్రాణం వచ్చి మనుషుల్ని ఏడిపిస్తుందని వాళ్ళ భయం. అందుకని ఏడాది చివర బూజు దులిపే సుసుహరాయి రోజున పాత సామానంతా వీధిలో పడేసేవారట. త్సుకుమో అంటే 99 అని కూడా అర్థం చెప్తారు. అంటే నూరు నిండకముందే పారేసేవారన్నమాట. ఒక్క ఏడాది ఆగితే ఏం పోయిందో!

అలా మీ క్యోటో సందుల్లో పడున్న సామాన్లన్నీ ఒకచోట చేరి, ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే చివరికి ఎడ్ల కాళ్ళ కింద పడేస్తారా అని మండిపడతాయి. ఇచిరెన్ అనే జపమాల ఒక్కటే శాంతం, శాంతం అంటుంది. దాన్ని చితక్కొట్టి తరిమేస్తాయి. చలికాలం పోయి వసంతం వచ్చే సెత్సుబున్ పండగ రాత్రి రూపాలు మార్చుకుని, ఫునఓకా కొండ వెనక మకాం పెట్టి, మనుషుల్ని ఎత్తుకుపోయి తినడం, తాగడం, జూదం. చివరికి మంత్రానికి ఓడిపోయి, బుద్ధి తెచ్చుకుని, గురువు కావాలని వెళ్ళింది ఎవరి దగ్గరికనుకున్నావు? తన్నులు తిన్న ఆ జపమాల దగ్గరికే. షింగోన్ అనే బౌద్ధ శాఖ గొప్ప చెప్పడానికి అల్లిన కథే అనుకో. అయినా రిటైరైనవాణ్ణి కదా, నేను సామాన్ల పక్షమే.

మొన్న ఫోన్‌లో, అమ్మ కుట్టుమిషన్ ఇంకా ఎందుకు, తీసెయ్యండి అన్నావు. నీకెప్పుడూ చెప్పని సంగతొకటి ఉంది. నాకు పదేళ్ళప్పుడు భోగిమంటలోకి తాతయ్య పడక్కుర్చీని నేనే ఈడ్చుకెళ్ళి వేశాను. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వీధి వీధంతా కేరింతలు కొట్టింది. నాయనమ్మ మాత్రం లోపలికెళ్ళిపోయింది. భోగికి పాతవి తగలెయ్యడం తప్పని కాదు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, అంతే.

అందుకే ఈసారి అడిగాను. మోకాళ్ళ నొప్పులతో ఎలాగూ తొక్కలేకపోతున్నాను, ఇచ్చెయ్యండి అంది మీ అమ్మ. కాకపోతే, విరిగిన సూదులన్నీ ఇన్నేళ్ళుగా పౌడర్ డబ్బాలో దాచి ఉంచింది. బయట పడేస్తే ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని.

డిసెంబర్ 8న మీ క్యోటోలోనే అరషియామాలోని హోరిన్‌జి గుడిలో అరిగిన సూదులకి పూజ చేస్తారట. బతుకంతా గట్టి గుడ్డల్లో దూరి అలసిపోయాయని, ఆఖరుసారి కొన్యాకు అనే మెత్తటి దుంప జెల్లీ ముద్దలో గుచ్చుతారట. ఎంత దయగల ఆలోచనో చూడు. వచ్చే వారం మీ బావ వస్తున్నాడు కదా, ఆ డబ్బా వాడి పెద్ద సూట్‌కేసులో పెట్టించాను. ఆవకాయ సీసా కింద ఉంటుంది. తొందరపడి చెయ్యి పెట్టకు, మూత కాస్త వదులు.

నాన్న