కూల్చిన ఇంటి కర్రని పొయ్యిపాలు చేయకండి

సంపాదకుడు గారికి,

మా విశాఖ వన్‌టౌన్‌లో పాత ఇళ్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. అపార్ట్‌మెంట్లు వద్దని నేను అనడం లేదు, మా తాతగారి పెంకుటిల్లు కూడా నిరుడు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం. నా బాధంతా ఆ ఇళ్లలోంచి వచ్చే కర్ర గురించే.

ఇల్లు కూల్చే కాంట్రాక్టరు కర్రంతా తనకే అని ముందే మాట తీసుకున్నాడు, మేమూ ఆలోచించకుండా సరే అనేశాం. మూడో రోజు వెళ్లి చూస్తే సింహద్వారం అప్పటికే ఎవరికో అమ్మేశాడు, అటక పలకలూ కిటికీ రెక్కలూ ముక్కలు కోసి హోటల్ పొయ్యికి తూకానికి వేస్తున్నారు. ప్రాణం ఉసూరుమంది. మా తాతగారు బర్మా టేకుతో చేయించుకున్న పలకలవి. ఆ దేశం 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతే ఆపేసింది, ఇప్పుడు అలాంటి కర్ర కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాం? గొడవపడి, ఆఖరికి ఎదురు డబ్బిచ్చి, మిగిలిన రెండు దూలాలూ నాలుగు తలుపులూ తెచ్చుకున్నాం.

వడ్రంగి మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. పాత కర్రలో మేకులు దాక్కుని ఉంటాయి, రంపం పళ్లు పోతాయి అన్నాడు. నిజమే. అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతికి, దొరికిన ప్రతి మేకూ పీకాకే పని మొదలుపెట్టాం. చిత్రిక పట్టగానే నల్లటి పై పొర పోయి లోపల తేనెరంగు కర్ర బయటపడింది, ఇల్లంతా టేకు వాసన! అంతా చేవ ఉన్న కర్ర, ఏళ్ల తరబడి ఆరి ఉంది కాబట్టి మళ్లీ వంకర పోయే భయం తక్కువ. మన సముద్రపు గాలి తేమకి ఉబ్బి పొరలు లేచిపోయిన చవక బోర్డు అల్మారాలు ఎన్నిళ్లలో చూడటం లేదు? హుద్‌హుద్ తుపాను నాడు, 2014 అక్టోబరు 12న, ఆ గాలికి తట్టుకున్న తలుపులే ఈరోజు మా దేవుడి గదికి ఉన్నాయి. దూలాలు భోజనాల బల్ల అయ్యాయి.

అయితే పాత కర్ర కదా అని ఏది పడితే అది ఇంట్లోకి తేవద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి అంతకు ముందు రంగేసిన తలుపుని పిల్లలున్న ఇంట్లో పొడిగా గీకకండి, ఆ దుమ్ము చాలా ప్రమాదం. బయట, తడి చేసి, మాస్కు పెట్టుకుని గీకించండి. పుచ్చు పట్టిన రంధ్రాల్లోంచి పిండిలా రాలుతుంటే లోపల పురుగు ఇంకా ఉండొచ్చు, మందు వేయించకుండా పక్కన వేరే సామాను పెట్టకండి. రైలు పట్టాల కింది పాత స్లీపర్లు మాత్రం అసలు వద్దు, వాటికి పట్టించిన క్రియోసోట్ నూనె ఇంట్లో ఉండదగ్గది కాదు. పోర్టు వైపు నుంచి వచ్చే ప్యాలెట్లతో, అదే సరుకు పెట్టే చెక్క చట్రాలతో, కుర్రాళ్లు మంచాలూ గోడ ప్యానెళ్లూ చేసుకుంటున్నారు, సంతోషం. కానీ వాటి మీది ముద్ర చదవండి. హెచ్‌టీ అని ఉంటే కర్ర లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, అది వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించారని, అది వదిలేయండి.

మా నగరపాలక సంస్థ జీవీఎంసీ అధికారులకి నా విన్నపం ఒక్కటే. పాత ఇల్లు కూల్చే ముందు అందులోని కర్రని విడిగా దింపాలని షరతు పెట్టండి, దాన్ని నిల్వ చేసి అమ్ముకోవడానికి ఊళ్లో ఎక్కడో ఒకచోట కాస్త స్థలం చూపించండి, మా మేస్త్రి లాంటి వాళ్లకి పనీ దొరుకుతుంది. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్న వాళ్లు కూడా దూలాలు, తలుపులు, పలకలు ఎవరివో సంతకం పెట్టే ముందే కాగితం మీద రాయించుకోండి. మేము రాయించుకోలేదు, మా సింహద్వారం ఇప్పుడు ఎవరింట్లో ఉందో కూడా మాకు తెలియదు.

— ఒక పాఠకురాలు, వన్‌టౌన్, విశాఖపట్నం