గుత్తి కట్టకముందే పోయిన పంటకు లెక్క లేదా?

సంపాదకుడికి,

మీ పత్రికలో పంటల బీమా మీద వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. అందరూ పత్తి, మిరప గురించే రాస్తున్నారు. నేను రాసేది ద్రాక్ష గురించి, అందులోనూ వైన్ ద్రాక్ష గురించి. మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి, వైన్ తోట అనగానే 'వాళ్లకేం, మందు వ్యాపారం' అంటారు. కానీ మబ్బు పట్టినప్పుడు ఆ రైతు కూడా అందరిలాగే ఆకాశం వంక చూస్తాడు.

మా తాతలు మగ్గం పని కోసం షోలాపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను జిల్లాలో ఓ కుటుంబం సొంతంగా నడుపుకునే చిన్న వైన్ తోటలో పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. తండ్రి, ఇద్దరు కొడుకులు, 14 ఎకరాలు. ద్రాక్ష రకాలు షిరాజ్, కాబెర్నే, కొంచెం షెనిన్ బ్లాంక్. జనవరి నెలాఖరుకి కోత మొదలవ్వాలి. ఈసారి కోత ఎలా ఉండబోతోందని అడిగితే పెద్దాయన మాట మార్చేస్తున్నారు.

ద్రాక్షకి ఇక్కడ ఏడాదికి రెండు కత్తిరింపులు: ఏప్రిల్‌లో ఒకటి, కాపు కోసం అక్టోబరులో ఒకటి. అక్టోబరు తర్వాత బయటికి కనపడే గుత్తి, నిజానికి ఏప్రిల్ కత్తిరింపు అయిన 40–60 రోజుల్లోనే కొత్త కొమ్మ మీది మొగ్గలో తయారవుతుంది. ఆ రోజుల్లో ఎండ బాగా తగలాలి. 2025లో రుతుపవనాలు మే 24కే కేరళలో దిగాయి, మాకూ మే నెలలోనే వానలు పట్టుకున్నాయి. ఎండ చాలకపోతే గుత్తి కావాల్సింది నులితీగ (పందిరికి చుట్టుకునే తీగ) అయిపోతుంది. ఇక్కడి రైతులు దీన్ని మరాఠీలో 'ఘడ్ జిరలా' అంటారు. గుత్తి ఇంకిపోయిందని అర్థం, నేలలో నీళ్లు ఇంకినట్టు.

సెప్టెంబరులో పెద్దబ్బాయి వరుసకో కొమ్మ కోసుకుని ల్యాబ్‌కి వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. మొగ్గని బ్లేడుతో నిలువునా చీల్చి మైక్రోస్కోప్ కింద పెట్టారు. పది మొగ్గలు కోస్తే మూడింటిలోనే గుత్తి జాడ కనిపించింది. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత కత్తిరింపు ఆలస్యం, డౌనీ బూజు, మందుల ఖర్చు మామూలే.

ఇప్పుడు తోటలో నడిస్తే, పోయినేడాది చెట్టుకి ముప్పై గుత్తులు లెక్కపెట్టిన వరుసలోనే తొమ్మిదో పదో ఉన్నాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకు సగమే నిండితే, పైనున్న గాలి తగిలి వైన్ పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. అందుకని రెండు రకాలు కలిపేద్దామని చిన్నవాడు, చిన్న ట్యాంకులు కొందామని పెద్దవాడు, ఇంట్లో రోజూ ఇదే గొడవ.

మరి బీమా? ప్రీమియం కట్టారు, రసీదు నా ఫైల్లో ఉంది. కానీ వాతావరణ ఆధారిత బీమాలో (తోటని చూసి కాదు, వాన, చలి కొలతల్ని బట్టి డబ్బిచ్చేది) ఇక్కడ ద్రాక్షకి రక్షణ మొదలయ్యేదే అక్టోబరు మధ్య నుంచి. అకాల వర్షం, చలి, వడగళ్లు అన్నీ ఆ తర్వాతి లెక్కే. మే, జూన్ మబ్బుకి పైసా రాదు. ఇక కేంద్రం 2022–26 విపత్తు సాయం నిబంధనల ప్రకారం 33 శాతం పంట పోతే ఇలాంటి బహువార్షిక తోటలకి హెక్టారుకి 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. పంచనామాకి వచ్చిన ఉద్యోగి తోట చూసి 'ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా' అన్నాడు. నిజమే. గుత్తుల బరువు లేని తీగ ఇంకా ఏపుగా పెరుగుతుంది!

ఇది మా ఒక్కరి బాధ కాదు. నల్లగొండ, అనంతపురం వైపు బత్తాయికి పూత కోసం ముందు నీళ్లు ఆపి చెట్టుని వాడుపెడతారు. ఆ వారాల్లో వాన పడితే పూతే దెబ్బతింటుంది. పూతే రాని చెట్టుకి ఏం నష్టం రాస్తారు?

పండ్ల తోటలకి బీమా షరతులు రాసేవాళ్లు మొగ్గ, పూత కట్టే రోజుల్ని కూడా రక్షణ కాలంలో చేర్చాలి. వాన కొలిచే కేంద్రాల్లోనే ఎండ గంటలూ కొలవాలి. మొగ్గ పరీక్ష రిపోర్టుని సాక్ష్యంగా తీసుకోవాలి. అలాగైతే ప్రీమియం ఏప్రిల్‌లోనే కట్టించుకోవాలి, లేకపోతే మొగ్గ చూసుకుని బీమా కట్టేవాళ్లు తయారవుతారు. రైతు కట్టే ప్రీమియం వాటా, బీమా మొత్తంలో 5 శాతం, దాని మీద ఇంకొంత పెరిగినా మా పెద్దాయన కడతానంటున్నారు.

– ఒక పాఠకుడు, షోలాపూర్