ఉల్లికి ధరతో పాటు నీడా కావాలి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు జిల్లాపై మీరు వేసిన ప్రత్యేక పేజీలో ఆదోని పత్తి, పత్తికొండ టమాటా, దేవరగట్టు బన్ని ఉత్సవం అన్నీ చక్కగా వచ్చాయి. ఉల్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం దళారులే ముంచుతున్నారని ఒక్క మాటతో తేల్చేశారు. వాళ్లను వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు గానీ, సగం నష్టం గడ్డ మార్కెట్ యార్డు గేటు చేరకముందే జరిగిపోతోంది.

ఇక్కడ ఉల్లి ఎక్కువగా ఖరీఫ్ పంట. పీకేది సరిగ్గా వానల్లో. రబీ గడ్డకైతే ఆకు దానంతటదే వాలి, మెడ, అంటే గడ్డకూ ఆకుకూ మధ్య భాగం, సన్నబడి మూసుకుంటుంది. ఖరీఫ్‌లో ఆకు పచ్చగానే నిలబడి ఉంటుంది. నాటిన 50 రోజులు దాటాక కూడా యూరియా చల్లితే మెడ ఇంకా లావెక్కుతుంది. ఆ పచ్చి మెడ కోసిన చోటునుంచే కుళ్లు లోపలికి దిగుతుంది.

ఆరబెట్టే పద్ధతి మాకు తెలియక కాదు. పీకే ముందు 10-15 రోజులు నీటి తడి ఆపాలి. ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డలను కప్పేలా పేర్చి మూడు నాలుగు రోజులు వదలాలి, లేకుంటే ఎండకు పొర కమిలిపోతుంది. రెండు సెంటీమీటర్ల మెడ ఉంచి కోయాలి. ఆపైన వారం పది రోజులు గాలాడే నీడలో ఆరాలి. చేనులో ఆ నీడ ఎక్కడుంది? పైన మబ్బు, ముందు దసరా ఖర్చు, నెత్తిన అప్పు. పీకిన రోజే సంచులకెత్తుతారు. యార్డులో వ్యాపారి సంచి మూతి విప్పి, చెయ్యి లోపలికి పోనిచ్చి మెడ నొక్కి చూస్తాడు. నాలుగు గడ్డలు మెత్తగా తగిలితే లాటంతా ఆ మెత్తటి గడ్డల ధరకే పోతుంది.

2025లో ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు కొన్నది. మంచిదే, కానీ పచ్చి గడ్డను ఎవరు కొన్నా గోదాములో కుళ్లకుండా ఆపలేరు. కోడుమూరు, గోనెగండ్ల, సి.బెళగల్ వంటి చోట్ల ఊరికి రెండు ఆరబెట్టే షెడ్లు కట్టించాలి. పైన రేకు, పక్కల గాలాడే జాలీ, నేల నుంచి అడుగున్నర ఎత్తున సందులున్న వెదురు అటక చాలు. సిమెంటు గచ్చు వద్దు, దాని మీద కుప్ప పోస్తే అడుగు గడ్డలు చెమర్చి మొలకెత్తుతాయి. కుప్ప నాలుగడుగులు మించకూడదు. ఇంత చేసినా మన ఖరీఫ్ గడ్డ నాసిక్ రబీ ఉల్లిలా నాలుగైదు నెలలు ఆగదు. నెల ఆగినా, ఊళ్లన్నీ ఒకే వారం యార్డు మీద పడే అవసరం తప్పుతుంది.

– కొందరు ఉల్లి రైతులు, కోడుమూరు